బొమ్మ కొనేవాడు మారినప్పుడు

రష్యన్ విప్లవం కళను ఏం చేసిందన్న మాట మన దగ్గర ఎప్పుడు ఎత్తినా రెండు పాటలే వినిపిస్తాయి. 1917లో చిత్రకారుల సంకెళ్లు తెగిపోయాయి, లోకం ఎన్నడూ చూడని బొమ్మలు పుట్టాయి, తర్వాత స్టాలిన్ వచ్చి అంతా పాడుచేశాడు అనేది ఒకటి. పార్టీ చేతికి కుంచె చిక్కిన రోజే కళ చచ్చిపోయింది అనేది రెండోది. ఈమధ్య ఈ రెండో పాటనే కొత్త రాగంలో పాడిన వ్యాసం ఒకటి చదివాను. చదువుతున్నంతసేపూ ఒకటే వెలితి. పాతికమంది చిత్రకారుల పేర్లు, డజను వాదాల పేర్లు వచ్చాయి గానీ, ఆ బొమ్మలకు డబ్బులెవరిచ్చారు, రంగులెక్కణ్ణుంచి వచ్చాయి, చలికాలంలో ఆ గదుల్లో పొయ్యి ఎలా వెలిగింది అన్న ప్రశ్న ఒక్కచోట కూడా లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇది. విప్లవం రష్యన్ చిత్రకారుడి బొమ్మను మార్చినదానికంటే, ఆ బొమ్మ కొనేవాణ్ని ఎక్కువ మార్చింది. 1918లో దొరికిన స్వేచ్ఛా, 1932లో బిగిసిన ముడీ వచ్చింది ఒకే చోటు నుంచి. నాయకుల అభిరుచులు, సిద్ధాంతాల తగాదాలు లెక్కలోకి రావని కాదు. అవి చిత్రకారుడి బల్ల దాకా చేరిన దారి మాత్రం రేషను, కాగితం, అడ్వాన్సు, కమిటీ ఆమోదం.

1915 నాటికే

ముందు తేదీలు చూద్దాం. చిత్రకారుడు మలేవిచ్ ‘నల్ల చదరం’ పెట్రోగ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ‘0,10’ అనే ప్రదర్శనలో గోడెక్కింది 1915 డిసెంబరులో. అటూ ఇటూ 80 సెంటీమీటర్లు కూడా లేని కాన్వాసు. దాన్ని రెండు గోడలు కలిసే పైమూలలో, రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టే చోట, వేలాడదీశాడు. అదే ప్రదర్శనలో తాత్లిన్ రేకులూ తీగలూ బిగించి గది మూలల్లో నిలిపిన నిర్మాణాలున్నాయి. కాండిన్‌స్కీ నైరూప్య చిత్రాలు అంతకంటే ముందువి. లరియోనోవ్, గొంచరోవా అయితే 1915లోనే దేశం దాటారు. జారు ఇంకా సింహాసనం మీదే ఉన్నాడు, యుద్ధం నడుస్తోంది. ‘విప్లవ కళ’ అని మనం పోస్టర్లు వేసి అమ్మే రూపాల్లో చాలావరకు అప్పటికే సిద్ధం.

అవి విప్లవం కన్నబిడ్డలు కావు. మరి విప్లవం వాటికి ఏమిచ్చింది?

ఆ బొమ్మలు కొనేవాళ్లు అప్పటిదాకా దాదాపు లేరు. మాస్కోలో బట్టల వ్యాపారి షుకిన్ దగ్గర మతీస్‌వి, పికాసోవి కలిపి ఎనభైకి పైగా చిత్రాలుండేవి. ఆదివారాల్లో తన ఇల్లు తెరిచిపెట్టేవాడు, కుర్ర చిత్రకారులు వెళ్లి చూసి మతులు పోగొట్టుకుని వచ్చేవారు. కానీ ఆయన కొన్నది ఫ్రెంచి బొమ్మలు, తన గుమ్మంలో నిలబడ్డ రష్యన్ కుర్రాళ్లవి కాదు. ఇంకో వ్యాపారి మొరోజోవ్ రష్యన్ చిత్రాలు వందల్లో కొన్నాడు గానీ ఆయన చూపు కాస్త వెనకటి తరం మీద. 1918 చివర్లో ఇద్దరి సేకరణలూ జాతీయం అయ్యాయి. షుకిన్ అప్పటికే దేశం విడిచాడు. ఉన్న కాస్త ప్రైవేటు కొనుగోలుదారు కూడా ఆ ఏడాదితో పోయాడు.

ఖాళీ అయిన ఆ కుర్చీలో విద్యా కమిసారియట్, అంటే కొత్త ప్రభుత్వపు విద్యాశాఖ, కూర్చుంది. విద్యామంత్రి లాంటి కమిసార్ లునచార్‌స్కీ కింద లలితకళల విభాగానికి పెద్ద ష్తెరెన్‌బెర్గ్, తనూ చిత్రకారుడే, పారిస్‌లో ఉండి వచ్చినవాడు. పాత అకాడెమీ పెద్దలు కొత్త ప్రభుత్వంతో కలవడానికి మొహం చాటేశారు. కలవడానికి ఎగబడ్డది ఎప్పుడూ గుమ్మం బయటే ఉన్న ఈ కుర్రాళ్లు. కాబట్టి కొనుగోలు సంఘంలో కూర్చున్నదీ వాళ్లే, అమ్మిందీ చాలాసార్లు వాళ్ల తోటివాళ్లే. మ్యూజియం బ్యూరో బాధ్యత రోద్చెంకోది. కొన్న బొమ్మల్ని పెట్టెల్లో సర్ది దూరపు జిల్లా పట్టణాల మ్యూజియాలకు పంపించాడు. చదరాలూ వలయాలూ ఉన్న కాన్వాసులు వోల్గా ఒడ్డు పట్టణాల్లో దిగడం అలా జరిగింది. దీన్ని సిద్ధాంతాల గెలుపుగా రాస్తారు. నాకైతే కొనేవాడి కుర్చీలో కొంతకాలం అమ్మేవాడే కూర్చున్న వింత పరిస్థితిగా కనిపిస్తుంది. అది ఎక్కువకాలం నిలిచే ఏర్పాటు కాదని అప్పుడే తెలిసి ఉండాల్సింది.

చేప, పుచ్చకాయ

1918లో పెట్రోగ్రాడ్‌లో వేసిన రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ రష్యన్ మ్యూజియంలోనే ఉన్నాయి.

పెత్రోవ్-వోద్కిన్ వేసినదాంట్లో ఎర్రటి బల్లగుడ్డ, నీలి కాగితం, దానిమీద ఒక ఎండు హెర్రింగు చేప, పక్కన నల్ల రొట్టె ముక్క, రెండు బంగాళాదుంపలు. అంతే. అలంకారం కోసం పేర్చిన సరుకులు కావు, ఒక మనిషి రేషను. ఆయన ఆ చేపను దేవుడి పటం అంత శ్రద్ధగా వేశాడు, పొలుసు పొలుసూ మెరుస్తుంటుంది. రొట్టె అంచు ఎలా తెగిందో కూడా కనిపిస్తుంది.

కుస్తోదియెవ్ వేసినది ‘టీ తాగుతున్న వ్యాపారి భార్య’. నిండుగా ఉన్న ఆవిడ, సమోవార్, కోసిన పుచ్చకాయ, ద్రాక్ష, ఆపిల్ పళ్లు, కేకు, ఆవిడ భుజానికి ఒళ్లు రుద్దే పిల్లి. ఆ ఏడాది ఆ ఊళ్లో ఆ బల్ల మీది సరుకు చూసినవాళ్లు ఎవరూ ఉండరు. కుస్తోదియెవ్‌కు అప్పటికే రెండు కాళ్లూ పడిపోయి చక్రాల కుర్చీలో ఉన్నాడు. రెండేళ్ల తర్వాత ఇదే మనిషి వీధులన్నిటికంటే ఎత్తుగా ఎర్రజెండా పట్టుకు నడిచే ‘బోల్షివిక్’ వేశాడు.

ఈ రెండు బొమ్మల్లో ఏది విప్లవ కళ? రెండూ అదే ఆకలి ఏడాది బొమ్మలు. ఆకలి ఒకరిని ఉన్నదాని మీదికి, ఇంకొకర్ని లేనిదాని మీదికి చూపు తిప్పేలా చేసింది. ఇద్దర్లో ఎవరూ ‘కొత్త రూపం’ బడికి చెందినవారు కాదు. అందుకే అటు పొగిడేవాళ్లూ ఇటు తిట్టేవాళ్లూ ఇద్దరూ వీళ్లను దాటేసి పోతారు. నాకు మాత్రం ఆ కాలం ఒంటికి తగిలేది మలేవిచ్ దగ్గర కాదు, ఈ చేప దగ్గర.

పళ్లెం అడుగున

పింగాణీ సంగతి చెబితే నా వాదన ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. పెట్రోగ్రాడ్‌లో జారు కుటుంబానికి విందు సామాను చేసిన కర్మాగారం 1918లో ప్రభుత్వ పింగాణీ కర్మాగారం అయింది. కళా విభాగం పెద్ద చెఖోనిన్. కొత్తగా ముద్ద కలిపి, పోతపోసి, పెద్ద బట్టీ వెలిగించాలంటే బోలెడు కట్టెలు కావాలి, అవి లేవు. ఉన్నది గోదాముల్లో మిగిలిన పాత సరుకు. గ్లేజు, అంటే గాజులాంటి మెరుపు పూత, దాకా పూర్తయి, రంగు మాత్రం వెయ్యకుండా వదిలేసిన తెల్ల పళ్లేలు, కప్పులు.

గ్లేజు మీద రంగు వేసే పని సులువైనది. ఎనామెల్ రంగును నూనెలో నూరి, సన్న కుంచెతో వేసి, చిన్న బట్టీలో సుమారు 800 డిగ్రీల దగ్గర కాలిస్తే చాలు. రంగు కరిగి గ్లేజుకు అంటుకుంటుంది. అసలు పళ్లేన్ని గ్లేజుతో కాల్చడానికి 1,300 డిగ్రీలకు పైన కావాలి కాబట్టి ఈ పద్ధతిలో కట్టెలు ఎంత కలిసొస్తాయో చూడండి. బంగారం వేస్తే ఇంకా తక్కువ వేడిలో మళ్లీ ఒకసారి కాల్చాలి. వేడి కాస్త ఎక్కువైతే ఎర్రరంగు గోధుమకు తిరుగుతుంది, తక్కువైతే రంగు గీరుకుపోతుంది. నాలుగు రంగులకు నాలుగు వేడిమిలు కుదరక పాడయ్యే సామాను ఎప్పుడూ ఉండేదే.

చిక్కు అడుగున ఉంది. పాత సరుకు మీద రెండో నికొలాస్ మొదటి అక్షరం, కిరీటం ఆకుపచ్చగా ఉండేవి. అవి గ్లేజు కింద వేసిన ముద్రలు. గీకితే పోవు, యాసిడ్ పోసినా పోవు, గ్లేజు పగలగొడితే తప్ప. కాబట్టి ఏంచేశారంటే, ఆ ముద్ర మీద ముదురు రంగుతో కోడిగుడ్డు ఆకారపు మచ్చ పెట్టి, పక్కన సుత్తి, కొడవలి, పళ్లచక్రం ముక్క ఉన్న కొత్త ముద్ర వేశారు. తర్వాత తర్వాత కప్పడం కూడా మానేసి రెండు ముద్రలూ పక్కపక్కనే వదిలేసిన సామానూ ఉంది. విదేశీ సేకర్తలు రెండు ముద్రలున్న వాటికే ఎగబడతారు.

ఇక పైభాగం. ఆదామోవిచ్ వేసిన ఒక ప్రసిద్ధ పళ్లెంలో లెనిన్ ముఖం, ఎర్ర నక్షత్రం, చుట్టూ చెదిరిపడ్డ రేషను కార్డులు, అంచున ‘పని చెయ్యనివాడు తినడు’ అన్న నినాదం. ఆ కార్డులతో ఆ రోజుల్లో దొరికే తిండి ఆ పళ్లెంలో సగం కూడా నిండదు. అయినా అందులో తినడానికి కాదది. విదేశీ ప్రదర్శనలకు వెళ్లింది, విదేశీ డబ్బు తెచ్చింది. 1925లో పారిస్ ప్రదర్శనలో ఈ కర్మాగారానికి బంగారు పతకం వచ్చింది. కార్మికుడి నినాదం రాసిన పళ్లెం కొనుక్కున్నది పెట్టుబడిదారీ దేశాల సేకర్త. 1923లో మలేవిచ్, ఆయన శిష్యులు సుయెతిన్, చష్నిక్ ఇదే కర్మాగారంలో కప్పుల మీద చదరాలు వేశారు. మలేవిచ్ అయితే నిలువునా కోసినట్టుండే సగం కప్పు చేశాడు. దాంతో టీ తాగడం ఎలాగో ఎవరికీ తెలీదు.

స్టెన్సిల్ నేర్పిన శైలి

ప్రభుత్వ వార్తాసంస్థ రోస్టా తెచ్చిన ‘రోస్టా కిటికీలు’ అంటే కవి మయకోవ్‌స్కీ పోస్టర్లని అందరికీ తెలుసు. వాటి మొరటు, చదునైన ఆకారాల్ని విప్లవ సౌందర్యం అని పొగుడుతారు. అందులో సగం కాగితం కరువు, అచ్చు యంత్రాల కరువు చేసిన పని.

1919 శరదృతువులో చెరెమ్నిఖ్ అనే చిత్రకారుడు వీటిని మొదలుపెట్టాడు. యుద్ధంలో ముద్రణాలయాలు కూలబడి ఉన్నాయి, రాతి అచ్చులో ఒక పోస్టరు బయటికి రావాలంటే రోజులు పడుతుంది, అప్పటికి యుద్ధరంగం మారిపోతుంది. అందుకని చేత్తో చేశారు. మూలచిత్రం చూసి ఒక్కో రంగుకు ఒక్కో అట్ట (స్టెన్సిల్) కోస్తారు. ఎరుపుకొకటి, నలుపుకొకటి, పసుపుకొకటి. కాగితం మీద అట్ట పెట్టి జిగురు రంగు అద్దుతారు. ఆరాక రెండో అట్ట. రంగు పల్చనైతే అట్ట అంచుకిందికి పాకి గీత చెదురుతుంది. చిక్కనైతే కుంచెకు అట్టముక్క లేచి వస్తుంది. జిగురు తక్కువైతే ఆరాక పొడిపొడిగా రాలుతుంది, ఎక్కువైతే కాగితం ముడుచుకుని రంగు పగులుతుంది. తడికి అట్ట మెత్తబడుతుంది, అంచు నలుగుతుంది, అందుకే ప్రతులు వందల్లో ఆగిపోతాయి. ఒక్కో బొమ్మకు 150 దాకా ప్రతులు తీసి మిగతా ఊళ్లకు పంపేవారు. సరుకు లేక ఖాళీగా పడున్న దుకాణాల అద్దాల వెనక అంటించేవారు.

స్టెన్సిల్‌తో మెల్లగా వెలుగు నుంచి నీడకు జారే రంగు రాదు. ముఖం మీద కండ, బట్ట మీద మడత కుదరవు. ఉన్నదల్లా గట్టి అంచు, చదునైన మచ్చ. మధ్యలో ముక్క ఊడిపోకుండా సన్నటి పట్టీలు వదలాలి, ఆ పట్టీలే బొమ్మలో తెల్లగీతలవుతాయి. కార్మికుడు ఎరుపు, పెట్టుబడిదారు నలుపు, టోపీ ఒక దీర్ఘచతురస్రం, పొట్ట ఒక గుండ్రం. దీన్ని రూపాల్ని జ్యామితి ఆకారాలుగా విడగొట్టే క్యూబిజం అనొచ్చు. అట్ట కత్తిరింపు అని కూడా అనొచ్చు. పెట్రోగ్రాడ్‌లో లెబెదెవ్ వాళ్లు లినోలియం చెక్కి అచ్చుతీసి పైన చేత్తో రంగువేశారు, అక్కడి బొమ్మల్లో గీత తీరే వేరు. పనిముట్టు మారితే శైలి మారింది, సిద్ధాంతం రెండు ఊళ్లలోనూ ఒకటే.

టెలిగ్రాం వచ్చిన గంటలోపు పోస్టరు వీధిలో ఉండగలిగేదని మయకోవ్‌స్కీ చెప్పుకున్నాడు. నిద్ర ఎక్కువైపోకుండా తలకింద దిండుకు బదులు కట్టె పెట్టుకు పడుకునేవాణ్నని కూడా. ఆయన గొప్పలు కొంత తగ్గించుకుని విన్నా, రెండేళ్లకు పైగా సాగిన ఈ పనికి జీతమిచ్చినవాడు ఒక్కడే, ప్రభుత్వం. టెలిగ్రాం పంపేదీ వాడే.

ఇదే సమయంలో కరువు అడ్డంపడ్డ పనులూ ఉన్నాయి. తాత్లిన్ మూడో ఇంటర్నేషనల్ స్మారకం 400 మీటర్ల ఇనుప కట్టడం కావాలి, 1920లో జనం చూసింది కర్రతో చేసిన నమూనా. లెనిన్ 1918లో మొదలుపెట్టిన విగ్రహాల పథకంలో చాలావరకు ప్లాస్టర్‌వే, ఒకటి రెండు చలికాలాలకు కరిగి కారిపోయాయి. మాస్కోలో కొరొల్యోవ్ చేసిన అరాచకవాది బకూనిన్ విగ్రహం ముక్కలు ముక్కలుగా మెలితిరిగిన ఆకారం. జనం గోలచేస్తారని చెక్కలు కప్పి ఉంచారు, చివరికి తీసేశారు.

వీతెబ్‌స్క్ దాకా రొట్టె కోసం

షగాల్ 1918లో తన సొంతూరు వీతెబ్‌స్క్‌లో కళా వ్యవహారాలు చూసే కమిసార్ అయ్యాడు. తొలి వార్షికోత్సవానికి ఊరంతా బొమ్మలతో నింపాడు. ఆవు ఆకుపచ్చగా ఎందుకుంది, గుర్రం ఎగురుతోందేంటి, మార్క్స్‌కూ లెనిన్‌కూ దీంతో ఏం సంబంధం అని స్థానిక నాయకులు అడిగారని ఆత్మకథలో రాసుకున్నాడు. ఈ ముచ్చట అందరూ చెబుతారు. చెప్పనిది ఇంకోటుంది. షగాల్‌ను ఆ ఊరి నుంచి తరిమింది పార్టీ కాదు, తోటి చిత్రకారులు. ఆయన పెట్టిన బడికే 1919 చివర్లో మలేవిచ్ వచ్చాడు. అక్కడ పాఠాలు చెబుతున్న లిసిత్‌స్కీ పిలిచాడు. వచ్చిన కారణం సిద్ధాంత ప్రచారం అంటారు గానీ, అప్పుడు మాస్కోలో ఇల్లు లేదు, కట్టెలు లేవు, భార్య నిండు గర్భిణి. వీతెబ్‌స్క్‌లో తిండి కాస్త నయం. వచ్చిన కొన్ని నెలలకే విద్యార్థులు షగాల్ తరగతి వదిలి మలేవిచ్ దగ్గర చేరారు, చొక్కా చేతికి నల్ల చదరం కుట్టుకుని తిరిగారు. తమ బృందానికి ‘ఉనోవిస్’ అని పేరు పెట్టుకున్నారు, మలేవిచ్ పుట్టిన కూతురికి ఊనా అని పేరు పెట్టాడు. 1920 వేసవిలో షగాల్ మాస్కో వెళ్లిపోయాడు, 1922లో దేశమే విడిచాడు.

కొత్త రూపాల చిత్రకారులు, అంటే నవ్యులంతా ఒక పక్క, పార్టీ ఇంకో పక్క అని గీత గీసేవాళ్లకు ఈ కథ మింగుడుపడదు. మనమే రాజ్యం తరఫున కళ, మిగతావి పాతచెత్త అన్న మాట మొదట గట్టిగా అన్నది వీళ్లే. 1918-19లో వీళ్ల చేతిలో ‘కమ్యూన్ కళ’ అనే పత్రిక ఉంది, అది కమిసారియట్ డబ్బుతోనే నడిచింది. కళకు డబ్బూ పనీ ఇచ్చే గడప ఒకటే ఉండాలని అడిగింది వీళ్లు. ఆ గడప దగ్గర తర్వాత వేరేవాళ్లు నిలబడ్డారు.

గడపలు పెరిగిన కాలం

1921లో నెప్, అంటే ప్రైవేటు వ్యాపారానికి కొంత చోటిచ్చిన కొత్త ఆర్థిక విధానం, వచ్చింది. ప్రభుత్వ ఖర్చులు కోసేశారు, మ్యూజియాల కొనుగోళ్లు దాదాపు ఆగిపోయాయి. మొదటి చూపుకు ఇది చిత్రకారులకు దెబ్బ. అదే ఏడాది కాండిన్‌స్కీ బెర్లిన్ వెళ్లిపోయాడు. అదే ఏడాది రోద్చెంకో ఎరుపు, పసుపు, నీలం మూడు కాన్వాసులు ఒక్కోటి ఒకే రంగుతో నింపి, చిత్రలేఖనం అయిపోయిందన్నాడు. కాన్వాసు కొనేవాడు లేని ఏడాదిలో కాన్వాసు చచ్చిపోయిందన్న ప్రకటన రావడం కాకతాళీయం అనుకోను. దీనికి రోద్చెంకో అభిమానులు ఒప్పుకోరని తెలుసు.

కానీ నాకు ఆ కాలంలో అన్నిటికంటే సారవంతంగా కనిపించేది 1922 నుంచి 1928 దాకా. ఎందుకంటే అప్పుడు అడిగేవాళ్లు ఎక్కువమంది. దర్శకుడు మేయర్‌హోల్డ్ నాటకానికి చిత్రకారిణి పొపోవా కర్ర చట్రాలు, చక్రాలతో రంగస్థలం కట్టింది. ప్రభుత్వ తిండిసరుకుల సంస్థ మొస్సెల్‌ప్రోమ్ బిస్కెట్ల ప్రకటనలకూ, రబ్బరు సంస్థ రెజినోత్రెస్ట్ గలోషుల (బూట్లపై రబ్బరు తొడుగుల) ప్రకటనలకూ రోద్చెంకో బొమ్మ, మయకోవ్‌స్కీ పద్యం. పొపోవా, స్తెపానోవా మాస్కోలో మొదటి ప్రభుత్వ నూలు అచ్చు మిల్లులో చేరి కంపాసు, స్కేలుతో చీటీగుడ్డల నమూనాలు గీశారు. స్తెపానోవా గీసినవి 150 దాకా, బట్ట మీద అచ్చయినవి రెండు డజన్లకు అటూ ఇటూ. మిగతావి ఎందుకు పోయాయంటే, రోలరు తిరిగి మొదటికొచ్చే చోట నమూనా అతుకు కనిపించకూడదు, రంగుకో రోలరు చెక్కాలి కాబట్టి రంగులు తక్కువుండాలి, పైగా అంగట్లో గుడ్డ కొనే ఆడవాళ్లకు పువ్వులు కావాలి. అది ఎవరి ఆజ్ఞా కాదు, మామూలు బేరం. 1924లో పొపోవా స్కార్లెట్ జ్వరంతో పోయింది, కొద్దిరోజుల ముందే కొడుకు పోయాడు.

పిల్లల పుస్తకాలదీ ఇదే కథ. పెట్రోగ్రాడ్‌లో క్ల్యాచ్కో అనే ఆయన ‘రాదుగ’ అని ప్రైవేటు ప్రచురణ సంస్థ పెట్టాడు. రోస్టా పోస్టర్లు చేసిన లెబెదెవ్ చదును మచ్చల చెయ్యి ఇక్కడ పిల్లల కవి మార్షాక్ పద్యాలకు దొరికింది. ‘సర్కస్’, ‘ఐస్‌క్రీం’ 1925లో వచ్చాయి. విశాలాంధ్ర వాళ్ల దగ్గర తెలుగు సోవియట్ పుస్తకాలు కొనుక్కుని పెరిగినవాళ్లకు ‘రాదుగ’ అంటే మాస్కోలో 1980ల్లో వచ్చిన ప్రభుత్వ సంస్థ గుర్తొస్తుంది. అది వేరు. ఈ మొదటి రాదుగ 1930లో మూతపడింది.

ఇదే కాలంలో 1922లో వాస్తవిక చిత్రకారుల సంఘం ‘అఖ్ర్’ పుట్టింది. దీన్ని పార్టీ తెచ్చిపెట్టిన దెయ్యంగా చూపడం అలవాటు. నిజానికి వాళ్లు చేసింది వ్యాపారులు చేసేదే. ఎర్రసైన్యం దగ్గరికి, కార్మిక సంఘాల దగ్గరికి వెళ్లి మీ బొమ్మలు మేం వేస్తాం అన్నారు. సైనికుడికి గుర్రం గుర్రంలా కనిపించింది, తన దళపతి ముఖం తెలిసింది. పాతతరం వాస్తవిక చిత్రకారుడు రేపిన్ శిష్యుడు బ్రోద్‌స్కీ లెనిన్‌ను గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, పక్కన తెల్లగుడ్డ కప్పిన కుర్చీ ఖాళీగా వదిలి వేసిన ‘స్మోల్నీలో లెనిన్’ (1930) బలవంతంగా జనం నెత్తిన రుద్దింది కాదు, జనానికి నచ్చింది. చూసేవాళ్లకు ఏం కావాలో నవ్యులు ఎప్పుడూ అడగలేదన్నది చేదుగా ఉన్నా ఒప్పుకోవాలి.

ఒక్క గడప

1928 తర్వాత ప్రైవేటు ప్రచురణకర్తలు, దుకాణాలు, ప్రదర్శన సంఘాలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. వాటి స్థానంలో ‘వ్సెకొహుదోజ్నిక్’ అనే చిత్రకారుల సహకార సంఘం ఒప్పందాల పద్ధతి తెచ్చింది. నెలనెలా కొంత డబ్బు, గనికో సామూహిక క్షేత్రానికో ప్రయాణం, బదులుగా గడువులోపు ఒప్పుకున్నన్ని బొమ్మలు. ఏ రోజుకు ఏం తింటామో తెలియని మనిషికి ఇది చాలా మంచి ఏర్పాటు, చాలామంది సంతోషంగా చేరారు కూడా. బొమ్మ కమిటీకి నచ్చకపోతే దాన్ని తీసుకెళ్లి అమ్ముకోడానికి ఇంకో చోటు లేదన్నదొక్కటే లోపం. 1932 ఏప్రిల్ 23న పార్టీ అన్ని సంఘాలనూ రద్దుచేసి ఒకే యూనియన్ అన్నప్పుడు, అందులో అఖ్ర్ కూడా పోయిందని గుర్తుంచుకోవాలి. నవ్యుల మీద వాస్తవికవాదుల గెలుపు కాదది. స్టూడియో గది, కాన్వాసు, రంగులు, ఒప్పందం అన్నీ ఒక్క చోటు నుంచే.

మలేవిచ్ 1930లో అరెస్టయి కొన్ని నెలలు లోపలున్నాడు. బయటికొచ్చాక ముఖచిత్రాలు వేశాడు, 1933 స్వీయచిత్రంలో పాతకాలపు ఇటలీ పెద్దమనిషి వేషంలో నిలబడి, కింద సంతకం బదులు చిన్న నల్ల చదరం పెట్టాడు.

నా వాదనకు తగిలే రాళ్లు

మొదటిది చిత్రకారుడు ఫిలోనోవ్. విప్లవాన్ని మనసా వాచా నమ్మిన మనిషి, 1917లో రుమేనియా సరిహద్దు సైనికుల విప్లవ కమిటీకి అధ్యక్షుడు. విదేశీయులకు అమ్మనన్నాడు, అసలు అమ్మడమే దాదాపు మానేశాడు, తన పనంతా కార్మిక రాజ్యం మ్యూజియానికి చెందాలన్నాడు. విద్యార్థుల దగ్గర పైసా తీసుకోలేదు. కాన్వాసు కొనలేక కాగితం మీద తైలవర్ణాలు వేశాడు, చుక్క చుక్కగా, మూల నుంచి మొదలుపెట్టి. 1929లో రష్యన్ మ్యూజియంలో ఆయన ప్రదర్శన గోడలకెక్కింది, తలుపులు తెరవలేదు. 1941 డిసెంబరులో లెనిన్‌గ్రాడ్ (పెట్రోగ్రాడ్‌కే తర్వాతి పేరు) ముట్టడిలో ఆకలితో పోయాడు. కొనేవాడే అన్నీ నిర్ణయిస్తాడన్న నా మాటకు ఇలాంటి మనిషి లొంగడు. కొనేవాడు లేకుండా ఒకడు పాతికేళ్లు పనిచెయ్యగలిగాడు. అయితే దానికి ఎంత మూల్యం కట్టాడో చూశాక ఇది ఎంతమందికి సాధ్యమని అడగాలనిపిస్తుంది.

రెండోది ఇంకా గట్టిది. క్లుత్సిస్ ప్రభుత్వానికి కావలసినదల్లా కావలసినట్టు ఇచ్చాడు, ఫోటో ముక్కలు అతికించి పోస్టర్లు చెయ్యడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఒక పోస్టరులో చాచిన చెయ్యి ఆయన సొంత చెయ్యే. 1938 జనవరిలో అరెస్టుచేసి వచ్చే నెలలో కాల్చేశారు. కారణం బొమ్మ కాదు, ఆయన లాత్వియా జాతివాడు కావడమే. రోద్చెంకో 1934లో తానే రూపొందించిన ఉజ్బెకిస్తాన్ ఆల్బంలో, కాల్చివేతకు గురైన నాయకుల ముఖాల మీద, తన ఇంట్లో ఉన్న ప్రతిలో, సిరా పూసేశాడు. ఆ పుస్తకం దగ్గర ఉండటమే ప్రమాదం. ఇక్కడ కొనడం, అమ్మడం అనే లెక్క పనిచెయ్యదు. తుపాకీని బేరంతో వివరించలేం. నా వాదన 1936 దాకా నడుస్తుంది, ఆపైన కుంటుతుంది.

మూడోది ప్రైవేటు గిరాకీ మీద నా మోజు. జారు కాలంలో షగాల్ పీటర్స్‌బర్గ్‌లో ఉండటానికే యూదుడిగా అనుమతి పత్రం కావాలి, అది లేక జైల్లో కూడా కూర్చున్నాడు. వీతెబ్‌స్క్‌లో పేదింటి పిల్లలు ఫీజు లేకుండా కుంచె పట్టిన బడి ఏ వ్యాపారీ పెట్టలేదు. కొనేవాళ్లు ఎక్కువమంది ఉంటే మంచిదే, వాళ్ల గడప దాకా అసలు వెళ్లగలిగేదెవరో అది వేరే లెక్క.

ఇటు ఇంకో చిన్న సంగతి. 1921 మే నెలలో మయకోవ్‌స్కీ కావ్యం ‘15 కోట్లు’ 5,000 ప్రతులు వేశారని తెలిసి లెనిన్ మండిపడి లునచార్‌స్కీకి చీటీ రాశాడు. గ్రంథాలయాలకూ పిచ్చివాళ్లకూ 1,500 చాలన్నాడు. కావ్యాన్ని చెత్త అన్నాడు గానీ నిషేధించలేదు. కాగితం లెక్క మాత్రం చూపించాడు. స్టాలిన్ రాకముందే, అంత కరువులో, ఆ చీటీ ఎంత పని చెయ్యగలదో ప్రచురణ తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

నిల్వగదులు, కిటికీ చెక్క

ఆ బొమ్మల్ని చాలావరకు ఎవరూ కుప్పపోసి తగలబెట్టలేదు. ‘నల్ల చదరం’ 1929లో మాస్కోలోని త్రెత్యాకోవ్ గ్యాలరీకి చేరి దశాబ్దాల పాటు నిల్వగదిలో ఉంది. రోద్చెంకో జిల్లాలకు పంపినవాటిలో కొన్ని అక్కడి మ్యూజియాల గదుల్లో మిగిలాయి. రాజ్యం కొన్నది కాబట్టి అవి రాజ్యం ఆస్తి, జాబితాలో నంబరుంది, పారేస్తే గుమాస్తా ఉద్యోగం పోతుంది.

జాబితాలోకి ఎక్కనివాటి గతి వేరు. కెనడా రాయబార కార్యాలయంలో ఉద్యోగం చేసిన కొస్తాకిస్ అనే గ్రీకు మనిషి 1946 నుంచి ఇల్లిల్లూ తిరిగి వీటిని ఏరాడు. పొపోవా ప్లైవుడ్ మీద వేసిన చిత్రం ఒకటి ఊరవతలి ఇంట్లో కిటికీకి కొట్టి ఉండటం చూశాడు. ఆ ఇంటివాళ్లు బొమ్మ ఇస్తామన్నారు, కిటికీకి మాత్రం అదే కొలత చెక్క తెచ్చి ఇమ్మన్నారు, తెచ్చి ఇచ్చాడు. విప్లవం తర్వాత ముప్పై ఏళ్లకు రష్యన్ నవ్యచిత్రానికి దొరికిన ప్రైవేటు కొనుగోలుదారు అతను, ధర ఒక ప్లైవుడ్ ముక్క. 1977లో కొస్తాకిస్ దేశం విడిచి వెళ్లాలనుకున్నప్పుడు, తన సేకరణలో మంచి భాగం త్రెత్యాకోవ్‌కు వదిలిపెట్టి వెళ్లాల్సి వచ్చింది. మిగతాది తీసుకుని గ్రీసు వెళ్లాడు, అది ఇప్పుడు థెస్సలొనీకి మ్యూజియంలో ఉంది, గ్రీకు ప్రభుత్వం డబ్బు పెట్టి కొన్నది.